చుక్కే కదా అనుకోవద్దు!

గాలివాన వెలిసిన తెల్లారి ఊళ్లో అందరూ వెతికేది చెట్లు కోసే మిషన్ కోసమే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ మొంథా నరసాపురం సమీపంలో దాటింది. అలాంటి రాత్రి గడిచాక ఏలూరు వీధిలోనైనా, తాడేపల్లిగూడెం తోటల్లోనైనా, కొల్లేటి చెరువు గట్టుమీదైనా కరెంటు రావాలన్నా, దారి తెరుచుకోవాలన్నా ముందు పడిన చెట్టును తీయాలి. అందుకని ఏడాదంతా షెడ్డులో ఓ మూల పడి ఉన్న రంపం మిషన్‌ను బయటికి తీస్తారు. చూస్తే కింద తడి మరక, గుప్పుమని పెట్రోలు వాసన. 'చుక్కే కదా' అని తాడు లాగేస్తారు. అసలు ముప్పు అక్కడే!

ఈ మిషన్లో సైలెన్సర్ పెట్రోలు ట్యాంకుకు చాలా దగ్గర. నాలుగు కోతలయ్యేసరికి అది సలసలా కాగిపోతుంది. కారిన పెట్రోలు దాని మీద పడిందా, చుట్టూ ఉన్న రంపపు పొట్టుతో సహా భగ్గుమంటుంది. మిషన్ ఉండేదేమో మనిషి రెండు చేతుల్లో!

కారేది ఏది?

ఈ మిషన్‌కు రెండు ట్యాంకులు. ఒకటి పెట్రోలుకు, రెండోది చెయిన్ ఆయిల్‌కు. చెయిన్ ఆయిల్ జిగురుగా ఉంటుంది, తొందరగా ఆరదు. పక్కన పెట్టినప్పుడు అది కాస్త కారడం చాలా మిషన్లలో మామూలే. పెట్రోలు మరకైతే త్వరగా ఆరిపోయి పల్చటి నూనె జాడ మిగులుతుంది, వాసన పట్టిస్తుంది.

వెతికే ముందు ఇంజన్ పూర్తిగా చల్లారాలి. పని ఆరుబయటే. బీడీ, సిగరెట్, పొయ్యి దరిదాపుల్లో ఉండకూడదు. ప్లగ్గు క్యాపు ఊడదీయండి. ఉన్న పెట్రోలును మూత ఉన్న డబ్బాలోకి వంపి, మిషన్‌ను శుభ్రంగా తుడిచి ఆరనివ్వండి. మళ్లీ సగం ట్యాంకు పోసి, అట్టముక్క మీద ఓ అరగంట ఉంచితే తడి ఎక్కడ మొదలైందో తెలిసిపోతుంది.

నాలుగు చోట్లు

మొదటిది మూత. పక్కకు వంచినప్పుడు మూత అంచున తడి వస్తే లోపలి రబ్బరు రింగు గట్టిపడిందన్నమాట. అది మారిస్తే చాలు.

రెండోది ట్యాంకుకు గాలి అందించే చిన్న వాల్వు. మూత బాగున్నా వంచగానే కారుతుంటే దీన్ని అనుమానించాలి.

మూడోది పెట్రోలు పైపు. పాత మిషన్లలో ఎక్కువగా పాడయ్యేది ఇదే. మెల్లగా వంచి చూస్తే పగుళ్లు కనిపిస్తాయి. పగులు చిన్నదే అయినా పెట్రోలుతో పాటు గాలినీ లాగేస్తుంది. ఈ ఇంజన్‌కు నూనె అందేది పెట్రోలులో కలిసే కాబట్టి, పెట్రోలు తగ్గితే నూనే తగ్గినట్టు. ఇంజన్ ఉన్నట్టుండి గీపెడుతూ వేగం అందుకుంటుంది, చివరికి పిస్టన్ పట్టేస్తుంది. చిన్న పైపు ముక్కతో పోయేది ఇంజన్ ఖర్చు దాకా వస్తుంది. బండి పైపు ముక్క తెచ్చి దూర్చకండి. ట్యాంకు రంధ్రంలో బిగుతుగా కూర్చోకపోతే అక్కడా కారుతుంది. అదే మోడల్ పైపు తెచ్చి, చివర ఏటవాలుగా కోస్తే సులువుగా దూరుతుంది. లోపలి ఫిల్టరూ అప్పుడే మార్చేయండి.

నాలుగోది కార్బొరేటర్. ఎయిర్ ఫిల్టర్ పెట్రోలుతో తడిసిందంటే నీడిల్ సరిగా మూసుకోవడం లేదు. ఎండలో ఉంచితే ట్యాంకులో ఒత్తిడి పెరిగి పెట్రోలు అటు తన్నుకొస్తుంది. దుమ్ము అడ్డుపడితే తుడిస్తే పోతుంది. పల్చటి డయాఫ్రమ్ బిరుసెక్కితే నీడిల్‌తో కలిపి కిట్ వేయించాలి. ఇది చేయి తిరిగిన మెకానిక్ పని.

ట్యాంకే పగిలితే? సీలు ముద్దలు ఎక్కువ రోజులు నిలవవు. పెట్రోలుకు మెత్తబడి, అదురుకు ఊడొస్తాయి. ట్యాంకు మార్చడమే దారి.

రబ్బరు ఎందుకు పోతోంది?

వయసు ఒక కారణం. పెట్రోలులో ఇథనాల్ ఇంకోటి. దేశంలో అది 2022లో సగటున 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. పాత మిషన్ల రబ్బరు దీనికోసం తయారైంది కాదు. పైగా ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. అందుకే మిషన్‌ను నెలల తరబడి పెట్రోలుతో ఉంచకూడదు. పని అవగానే ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా ఇంజన్ నడిపి పక్కన పెట్టాలి. 2టీ ఆయిల్ పాలు మాన్యువల్‌లో చెప్పినంతే. 50కి 1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అంటే 40.

వంపిన పెట్రోలును మాత్రం చెరువులోనో కాలవలోనో పారబోయకండి. కొల్లేరు 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. నీటిపై తేలే నూనె పొర చేపకూ, పక్షి రెక్కకూ చేటే.

ఇల్లు కాలుతుంటే నుయ్యి తవ్వినట్టు తుపాను హెచ్చరిక విన్నాక షెడ్డు తలుపు తీయడం కాదు. అక్టోబరు రాకముందే ఓ ఆదివారం పూట మిషన్ కింద అట్టముక్క పరిచి చూడండి. మరక లేదంటే... ధీమాగా ఉండొచ్చు!