పొయ్యిలో పిల్లి లేచేదెప్పుడు?

"వాళ్ళింట్లో పొయ్యిలో పిల్లి లేవలేదు" అని మన పెద్దలు అంటూ ఉంటారు. ఆ పూట వంట కాలేదని దాని అర్థం. చలికి ముడుచుకుని బూడిదలో పడుకున్న పిల్లి, ఇల్లాలు పొయ్యి రాజేస్తే గాని లేవదు. ఆకలినీ, చలినీ కలిపి ఒక్క ముక్కలో చెప్పిన సామెత ఇది. దేశం ఇంత ముందుకు పోయిందని సభల్లో చప్పట్లు కొట్టుకుంటున్న ఈ రోజుల్లో ఆ సామెతకు కాలం చెల్లిందా అన్నది నా ప్రశ్న. చెల్లలేదన్నది నా జవాబు.

"గోదావరి జిల్లాల్లో చలేమిటయ్యా?" అని నవ్వే మిత్రులున్నారు. రాజమండ్రి పేరు చెబితే అందరికీ రోహిణీకార్తె ఎండలే గుర్తొస్తాయి. నిజమే! కాని మాది పట్టిసీమ. మార్గశిర, పుష్య మాసాల్లో తెల్లవారుజామున ఏటి రేవులో ఓ పావుగంట నిలబడి చూడండి. పాపికొండల సందులోంచి నీళ్ళ మీదుగా వచ్చే గాలి ఎముకల్లోకి దిగుతుంది. ఇంకా పైకి, మారేడుమిల్లి, చింతూరు వైపు వెళితే కొండరెడ్ల గుడిసెల్లో రాత్రంతా నెగడు ఆరకూడదు. దుప్పటి చాలని ఇంట్లో నిప్పే దుప్పటి. ఆవల విశాఖ మన్యంలో చింతపల్లి, లంబసింగి ప్రాంతాల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల కంటె దిగువకు పోవడం ఏటా పేపర్లో చదివేదే.

మైదానంలో చలికాలమంటే గది వెచ్చబెట్టుకోవడం కాదు, వేణ్ణీళ్ళు. బాలింతకు వేణ్ణీళ్ళు కావాలి, పసిపాపకు కావాలి, ఉబ్బసం ముసలమ్మకు కావాలి. రోజల్లా బురదలో నడుం వంచి దాళ్వా నాట్లు వేసి వచ్చిన మనిషికి చెంబెడు వేణ్ణీళ్ళు మందుతో సమానం. అంటే ఈ రెండు మూడు నెలలూ ప్రతి ఇంటికీ రెండు పొయ్యిలు. ఒకటి అన్నానికి, ఇంకొకటి కాగుకు. మన పథకాలన్నీ మొదటి పొయ్యినే లెక్కపెట్టాయి. ఈ రెండో పొయ్యి ఏ కాగితంలోనూ లేదు.

ఒకప్పుడు ఈ రెండో పొయ్యికి డబ్బు పెట్టి కొనేవాళ్ళు అరుదు. చేలో కంది కంప ఉండేది, దొడ్లో పిడకలుండేవి, గట్టు మీద చితుకులుండేవి, కోనసీమలో కొబ్బరి మట్టలూ డొక్కలూ ఉండేవి, మిల్లు దగ్గర ఊక ఉండేది. ఎర్రనీరు వచ్చినప్పుడు ఏటిలో కొట్టుకొచ్చే దుంగల్ని ప్రాణాలకు తెగించి ఒడ్డుకు లాగి ఎండబెట్టుకునేవారు. ఇవన్నీ ఏమయ్యాయి? ట్రాక్టరు రాగానే ఎడ్లు పోయాయి, ఎడ్లతో పిడకలు పోయాయి. ఊకకు బాయిలర్ల వాళ్ళు, ఇటుక బట్టీల వాళ్ళు ధర కట్టారు. సరుగుడు, సుబాబుల్ తోటలు రాజమండ్రి కాగితం మిల్లు దారి పట్టాయి. మా మెట్ట ప్రాంతంలో గోపాలపురం, కొయ్యలగూడెం, జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల వర్జీనియా పొగాకు కాల్చే బ్యారన్లు సరిగ్గా సంక్రాంతి దాటగానే రాజుకుంటాయి. వాటికి కావలసింది కట్టె. కూలివాడి కాగుకు కావలసిందీ కట్టే. బండి కట్టె ఎటు పోతుందో వేరే చెప్పాలా? ఊరికే దొరికేదంతా సరుకైపోయింది. సరుకైనది కొనడానికి కావలసిన రూపాయి మాత్రం కూలివాడి చేతికి రాలేదు. వరి కోతల్లోకి పెద్ద యంత్రాలు దిగాక, చలికాలానికి ముందు వచ్చే ఆ నాలుగు రాళ్ళు కూడా తగ్గిపోయాయి.

పోలవరం ముంపు వాసుల సంగతి ఇంకా కష్టం. దేవీపట్నం మండలంలో అనేక గ్రామాలు 2021 ప్రాంతంలో ఖాళీ అయ్యాయి. అడవిని ఆనుకుని బతికిన కుటుంబాలు పునరావాస కాలనీలకు వచ్చాయి. ఇల్లు ఇచ్చారు, కరెంటు ఇచ్చారు, కాదనను. కాని శ్లాబు ఇంట్లో నెగడు ఎక్కడ వేసుకోవాలి? చితుకుల కోసం ఎవరి తోటలోకి వెళ్ళాలి? వెళితే తోట వాళ్ళు ఊరుకుంటారా? అడవి వాడకం పోయినందుకు పరిహారమంటూ ఏదో ఒక మొత్తం ఒకసారి చేతిలో పెట్టవచ్చు. పుష్యమాసం మాత్రం ఏటా వస్తుంది.

"గ్యాసు ఇచ్చాము కదా" అని పెద్దలు అంటారు. ఇచ్చారు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది. డ్వాక్రా మహిళల ఇళ్ళల్లోకి గ్యాసు పొయ్యి నడిచి వచ్చింది. 2016లో కేంద్రం ఉజ్వల పథకం పెట్టింది. పొగలో కళ్ళు పోగొట్టుకున్న తరానికి ఇది చిన్న మేలు కాదు. ఇంట్లోని వంట పొగ వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 30 లక్షల మంది అకాల మరణం పాలవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందుచేత గ్యాసు వద్దని ఎవరూ అనరు. నా తగువు వేరే. పొయ్యి ఇవ్వడం వేరు, మంట ఇవ్వడం వేరు.

ఈ లెక్క ఒక్కసారి చూడండి. 2014లో ఢిల్లీలో సబ్సిడీ సిలిండరు సుమారు 414 రూపాయలు. 2020 తర్వాత మామూలు కుటుంబాలకు ఆ సబ్సిడీ దాదాపు ఎత్తేశారు. 2023 మార్చి నాటికి అదే 14.2 కిలోల సిలిండరు 1,103 రూపాయలైంది. ఆ ఏడు ఆగస్టులో 200, 2024 మార్చిలో 100 తగ్గించారు. 2025 ఏప్రిల్‌లో మళ్ళీ 50 పెంచి 853 చేశారు. మన వైపు ఇంకో కొంచెం ఎక్కువే. 2025-26 సంవత్సరానికి మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే ఒక్క సిలిండరు దాదాపు మూడు రోజుల చెమట! ఉజ్వల కుటుంబాలకు 2023 అక్టోబరు నుంచి సిలిండరుకు 300 సబ్సిడీ ఉంది. అయితే మన రాష్ట్రంలో పేదల ఇళ్ళకు దీపం ముందే వచ్చింది గనుక ఉజ్వల కనెక్షన్లు ఇక్కడ తక్కువ. ముందు మేల్కొన్నవాడికి ఆ 300 అందకుండా పోవడం ఎక్కడి న్యాయమో పెద్దలే చెప్పాలి.

దేశం మొత్తం మీద ఉజ్వల కుటుంబాలు 2019-20లో ఏడాదికి సగటున మూడు సిలిండర్లు తెప్పించుకున్నాయి. 2023-24లో కూడా ఆ సగటు నాలుగుకు చేరలేదు. అయిదుగురున్న ఇంట్లో అన్నీ గ్యాసు మీదే వండితే సిలిండరు నెలన్నరకు మించి రాదు. అంటే ఏడాదికి ఎనిమిది కావాలి. మిగిలిన నాలుగైదు సిలిండర్ల వంట ఎక్కడ జరుగుతోంది? దొడ్లో, కట్టెల పొయ్యి మీద. కనెక్షన్ల పట్టికలో అది "పొగలేని ఇల్లు". లోపలికి వెళ్ళి చూస్తే గ్యాసు పొయ్యి మీద గుడ్డ కప్పి ఉంటుంది, చుట్టాలొస్తే టీ పెట్టడానికి.

రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరు 1న దీపం-2 పేరుతో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పని. కాని ఆరంభించిన పద్ధతి ఏమిటి? ముందు ఇల్లాలు పూర్తి డబ్బు కట్టాలి, తర్వాత ఆ సొమ్ము బ్యాంకులో పడుతుంది. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడంటారు. సర్కారు సాయం ఆ చన్నీళ్ళ వంటిది. అసలు వేణ్ణీళ్ళే లేని ఇంట్లో చన్నీళ్ళు దేనికి తోడు? చేతిలో తొమ్మిది వందలు ఒక్కసారి ఆడని మనిషికి ఉచితం కూడా అప్పు చేస్తే గాని అందదు. పోనీ కరెంటు రాడ్డు పెట్టుకుందామా అంటే, రోజూ అరగంట వాడినా నెలకు ఇరవై యూనిట్లు పైబడి శ్లాబు మారిపోతుంది. తడి చేత్తో బకెట్టులో రాడ్డు ముట్టుకుని ప్రాణం పోగొట్టుకున్న వాళ్ళ వార్తలు చలికాలంలో మనకు కొత్తవి కావు.

ఇంకో చోద్యం ఉంది. 1995 జనవరి 8న కోనసీమలో పాశర్లపూడి బావి పేలి 65 రోజులు మండింది. మన మట్టి కింద ఎంత నిప్పుందో ఆనాడు లోకమంతా చూసింది. ఆ రోజుల్లో గ్యాసు కనెక్షను కావాలంటే ఏళ్ళ తరబడి వెయిటింగు లిస్టు. మంట ఊరికి కనబడింది, పొయ్యికి మాత్రం అందలేదు. 2009లో కాకినాడ తీరం నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా సుమారు 1,400 కిలోమీటర్ల గొట్టం వేసి గ్యాసు పంపారు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గొట్టం లీకై, మంటలు రేగి 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. బావులు మనవి, గొట్టాలు మన చేల కింద, చావులు మన ఇళ్ళలో! "బావిలో గ్యాసు వేరు, సిలిండర్లో గ్యాసు వేరు" అని సైన్సు మిత్రులు అంటారు. ఒప్పుకుంటాను. సిలిండర్లో నింపే గ్యాసులో సగానికి పైగా మనం ఓడల మీద దిగుమతి చేసుకుంటున్నాం. అందుకే గల్ఫ్‌లో ధర కదిలితే పట్టిసీమలో కాగు చల్లారుతుంది. కాని బావిలో గ్యాసు కూడా గొట్టంలో వస్తే పొయ్యి కింద చక్కగా మండుతుంది. కాకినాడ, రాజమండ్రి పట్టణాల్లో కొన్ని ఇళ్ళకు అలా వస్తోంది కూడా. భరూచ్ దాకా వెళ్ళగలిగిన గొట్టానికి పక్క ఊరి కూలివాడి గుమ్మం దూరమా?

ఇది పేద దేశాల గోడే అనుకోకండి. బ్రిటన్‌లో ఇంటి ఇంధనానికి రాబడిలో పదో వంతు మించి ఖర్చయితే ఆ ఇల్లు ఇంధన పేదరికంలో ఉన్నట్టేనని ఒకప్పుడు కొలత పెట్టుకున్నారు. 1997 నుంచి ముసలివాళ్ళకు చలికాలపు భత్యం ఇస్తున్నారు. 2024లో దాన్ని చాలామందికి కోసేసిన ప్రభుత్వం, గగ్గోలు పుట్టాక 2025లో వెనక్కి తగ్గింది. అక్కడి చలి వేరు, ఇక్కడి చలి వేరు. కాని చలికి కాచుకోవడం కూడా తిండీ బట్టా లాంటి అవసరమేనని వాళ్ళు చట్టంలో ఒప్పుకున్నారు. మనం ఇంకా ఒప్పుకోలేదు.

కాబట్టి అడగవలసినవి మూడు. ఒకటి, సాయం సిలిండరు కంటె ముందు రావాలి, వెనక కాదు. రెండు, అయిదు కిలోల చిన్న సిలిండరు పల్లెలోని చిల్లర దుకాణం దాకా అదే సాయంతో రావాలి. రోజు కూలి వాడు ఉప్పూ పప్పూ కొనుక్కున్నట్టే గ్యాసూ కొనుక్కోగలగాలి. మూడు, మన్యంలోనూ ముంపు కాలనీల్లోనూ చలికాలం రెండు నెలలకు అదనంగా ఒక సిలిండరు ఇవ్వాలి. ఏజెన్సీ హాస్టళ్ళలో పుష్యమాసాన చన్నీళ్ళతో వణికే పిల్లలకు వేణ్ణీళ్ళ ఏర్పాటు చేయాలి. ఖజానా కూలిపోయేటంత కోరికలా ఇవి?

విద్యార్థి మిత్రులారా! మనమూ చేయగలిగింది ఒకటుంది. ఏటా ఎన్.ఎస్.ఎస్. క్యాంపులకు వెళ్తాం, రోడ్లు ఊడుస్తాం, ఫొటో దిగుతాం. ఈసారి చలికాలంలో ఏదో ఒక పల్లెలో పది రోజులుండి ఇల్లిల్లూ తిరుగుదాం. "గ్యాసు ఉందా?" అని కాదు, "కిందటి సిలిండరు ఎప్పుడు తెచ్చుకున్నారమ్మా? అది అయిపోయాక ఎన్నాళ్ళు ఖాళీగా ఉంది? నీళ్ళు దేని మీద కాస్తున్నారు?" అని అడుగుదాం. ఆర్థికశాస్త్రం వాళ్ళు లెక్క కడతారు, తెలుగు వాళ్ళు రాస్తారు, సైన్సు వాళ్ళు పొగ కొలుస్తారు. లెక్చరర్లు మా తప్పులు దిద్దాలి. ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులు ఆ కాగితాన్ని కలెక్టరు బల్ల మీద పెట్టించాలి. పనికొచ్చే చదువంటే అదే గదా!

కనెక్షన్లు లెక్కపెట్టింది చాలు. ఇకనైనా మండుతున్న పొయ్యిలు లెక్కపెడదాం. పిల్లి ఎన్ని ఇళ్ళల్లో ఇంకా బూడిదలోనే పడుకుని ఉందో అప్పుడు తెలుస్తుంది.