ఫైనల్ జులైలోనే ఉండనివ్వండి

ఆదివారం మ్యాచ్ అయ్యాక ఐర్లాండ్‌లో ఏ ఊరి గేలిక్ క్లబ్బుకు వెళ్లినా మన రచ్చబండే గుర్తుకొస్తుంది. చేతిలో టీ కప్పు, నోట్లో రెఫరీ మీద తిట్లు. అక్కడ దేని గురించైనా వాదించవచ్చు. కానీ కొన్ని మాటలు అన్నామంటే మాత్రం ఒక్కసారిగా నిశ్శబ్దం ఆవరిస్తుంది. ‘హర్లింగ్ ప్రపంచంలోకెల్లా గొప్ప ఆట అంటారు, 1999 నుంచి 2025 దాకా ఆరు కౌంటీలే కప్పు గెలిచాయి కదా’ అనడం అందులో ఒకటి. ‘ప్రావిన్సుల వారీ పోటీలు ఎత్తేయాలి’ అనడం మరొకటి. ఈమధ్య వీటన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించే మాట ఇంకొకటుంది: ‘ఆల్ ఐర్లాండ్ ఫైనల్స్ జులైలో పెట్టడమే మంచిది.’

నాది ఆ చివరి పక్షం. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం. ఇక్కడ పిల్లల్ని పెంచుతున్న మనకు కూడా ఈ తగాదాలో వాటా ఉంది.

ముందు ఇతర దేశాల్లో ఉన్న పాఠకుల కోసం రెండు మాటలు. గేలిక్ ఫుట్‌బాల్, హర్లింగ్ ఐర్లాండ్ సొంత ఆటలు. జట్టుకు 15 మంది. బంతి గోల్‌లోకి వెళితే మూడు పాయింట్లు, బార్ మీదుగా వెళితే ఒకటి. ఫుట్‌బాల్‌లో 2025 నుంచి 40 మీటర్ల గీత అవతలి నుంచి కొట్టిన దానికి రెండు పాయింట్లు ఇస్తున్నారు. హర్లింగ్ కర్రతో ఆడే ఆట. మా నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు మొదటిసారి చూసి ‘ఇది మన బిళ్లంగోడుకు పెద్దన్నయ్యలా ఉందే’ అన్నారు. 1884 నవంబర్ 1న టిప్పరేరీ కౌంటీలోని థర్లెస్ ఊళ్లో, ఒక హోటల్ గదిలో మైకేల్ క్యూసాక్, ఆయన మిత్రులు ఏర్పరచిన గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ ఈ ఆటలను నడుపుతోంది. అందరూ జీఏఏ అంటారు. 82,300 మంది పట్టే డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ నిండిపోతుంది, అయినా ఆడేవాళ్లకు జీతం లేదు. ఆదివారం ఫైనల్ ఆడిన కుర్రాడు మళ్లీ బడిలో పాఠం చెప్పుకోవాలి, లేదా పొలం పని చూసుకోవాలి. ఏ కౌంటీకి ఆడినా ముందు అతను తన ఊరి క్లబ్బు మనిషి.

తగాదా మొదలైంది ఇక్కడే. ఒకే ఆటగాడు క్లబ్బుకూ కావాలి, కౌంటీకీ కావాలి. చాలా ఏళ్లపాటు హర్లింగ్ ఫైనల్ సెప్టెంబర్ మొదటి ఆదివారం, ఫుట్‌బాల్ ఫైనల్ మూడో ఆదివారం జరిగేవి. వేసవి అంతా కౌంటీదే. కౌంటీ జట్టు ఓడిపోయి ఇంటికొచ్చేదాకా క్లబ్బుల పోటీలు వాయిదా పడుతూనే ఉండేవి. వచ్చే మ్యాచ్ ఎప్పుడో ఎవరికీ తెలియదు. క్లబ్బుకు ఆడే కుర్రాడు సెలవు పెట్టుకోలేడు, చుట్టాల పెళ్లికి వస్తానని మాట ఇవ్వలేడు. ఎండ కాసే నాలుగు నెలలు ఎదురుచూపుతో గడిచిపోయి, చివరికి చలిలో బురదలో ఆడాల్సి వచ్చేది. కౌంటీ జట్టులో ఉండేది కొద్దిమంది. వాళ్ల కోసం ఊళ్లో మిగతా అందరూ ఆగిపోయేవారు.

2020లో కరోనా వచ్చి క్యాలెండర్‌ను తలకిందులు చేసింది. ముందు క్లబ్బుల పోటీలు జరిగాయి, ఫుట్‌బాల్ ఫైనల్ డిసెంబర్ 19న జరిగింది. ఏడాదిని రెండు ముక్కలు చేసి, ఒకటి కౌంటీకి, ఒకటి క్లబ్బుకు ఇస్తే ఎలా ఉంటుందో అప్పుడు అందరికీ అనుభవంలోకి వచ్చింది. 2021లో జీఏఏ మహాసభ ఆ పద్ధతికి ఒప్పుకుంది. 2022లో హర్లింగ్ ఫైనల్ జులై 17న, ఫుట్‌బాల్ ఫైనల్ జులై 24న జరిగాయి. అప్పటి నుంచి జులై ముగిసేసరికి కౌంటీ ఆట అయిపోతోంది. ఆ తర్వాతి నెలలు క్లబ్బువి.

అభిమానుల కోపంలో న్యాయం లేదని నేను అనను. వాళ్ల వాదనలు మూడు. మొదటిది, ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో టీవీలోనూ పేపర్లలోనూ ఇంగ్లండ్ ఫుట్‌బాల్, రగ్బీ తప్ప మరొకటి కనిపించవు, మన ఆటల్ని మనమే తెర వెనక్కి నెట్టుకున్నాం అంటారు. రెండోది, సెప్టెంబర్‌లో కప్పు గెలిస్తే ఆటగాళ్లు దాన్ని తీసుకుని బడి బడికీ వెళ్లేవారు. జులైలో బడులు మూసి ఉంటాయి. మూడోది అన్నిటికంటే బలమైనది. కౌంటీ పోటీలన్నీ ఇరుకైన వారాల్లోకి కుక్కేశారు. మున్‌స్టర్ హర్లింగ్‌లో ఐదు జట్లు ఏప్రిల్ నుంచి మే చివరి లోపు నాలుగేసి మ్యాచ్‌లు ఆడాలి, రెండు జట్లు ఇంటిదారి పట్టాలి. వాటర్‌ఫోర్డ్ లాంటి మంచి జట్టుకు జూన్ రాకముందే ఏడాది ముగిసిపోయిన సందర్భాలున్నాయి.

ఈ మూడూ నిజాలే. కానీ మూడూ చూసేవాళ్ల కష్టాలు. ఆడేవాళ్ల సంగతి వేరు. అదే క్లబ్బులో టీ టేబుల్ దగ్గర కాకుండా మైదానంలో బూట్లు విప్పుకుంటున్న పాతికేళ్ల కుర్రాణ్ణి అడగండి. ‘నా మ్యాచ్ ఎప్పుడో నాకు తెలుసు’ అంటాడు. జీతం తీసుకోకుండా ఆడేవాడికి మనం ఇవ్వగలిగిన కనీస మర్యాద అది. డబ్బు ఇచ్చి ఆడించే ఆటలో ప్రేక్షకుడి మాట చెల్లుతుంది. ఇష్టంతో ఆడే ఆటలో ఆడేవాడి మాట ముందు వినాలి.

పైగా ఆట ఏమీ చప్పబడలేదు. 2024 జులైలో క్లేర్, కార్క్ హర్లింగ్ ఫైనల్ అదనపు సమయానికి వెళ్లి ఒక్క పాయింట్ తేడాతో తేలింది. వారం తర్వాత ఫుట్‌బాల్‌లో ఆర్మా కూడా గాల్వే మీద ఒక్క పాయింట్‌తోనే గెలిచింది. 2025 ఫైనల్‌లో సగం ఆటకు ఆరు పాయింట్లు ముందున్న కార్క్ రెండో సగంలో రెండే పాయింట్లు చేసి టిప్పరేరీ చేతిలో ఓడింది. ఆ ఆదివారాలు చూసినవాళ్లెవరూ ‘సెప్టెంబర్ అయితే ఇంకా బాగుండేది’ అనుకుని ఉండరు.

ఇరుకు గురించిన వాదనకు మాత్రం తలవంచాలి. ఫైనల్స్‌ను ఆగస్టు మొదటి వారం దాకా జరిపి, కౌంటీ మ్యాచ్‌ల మధ్య కాస్త ఊపిరి తీసుకోనిస్తే తప్పులేదు. అంతకు మించి జరిపితే మాత్రం మళ్లీ క్లబ్బు ఆట బురదలోకి పోతుంది.

నలుగురికీ నచ్చని మాట అన్నంత మాత్రాన అది తప్పు కాదని జీఏఏ చరిత్రే చెబుతుంది. 1938లో ఐర్లాండ్ అధ్యక్షుడు డగ్లస్ హైడ్ ఒక సాకర్ మ్యాచ్‌కు హాజరయ్యారని ఆయన్ని జీఏఏ గౌరవ పోషకుల జాబితా నుంచి తొలగించారు. గేలిక్ భాష కోసం జీవితమంతా పనిచేసిన మనిషాయన. ‘విదేశీ ఆటల’ మీద ఆ నిషేధం 1971 దాకా నడిచింది. క్రోక్ పార్క్‌లో సాకర్, రగ్బీ ఆడనివ్వాలా వద్దా అన్న గొడవ 2005 దాకా సాగింది. 1920 నవంబర్ 21న బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపి 14 మంది ప్రాణాలు తీసిన మైదానం అది. అందుకే ‘ఇంగ్లండ్ జట్టును అక్కడ అడుగు పెట్టనిద్దాం’ అన్నవాళ్లను అప్పట్లో ద్రోహులుగా చూసినవాళ్లున్నారు. 2007 ఫిబ్రవరి 24న ఇంగ్లండ్ రగ్బీ జట్టు వచ్చింది. వాళ్ల జాతీయ గీతాన్ని నిండిన స్టేడియం మర్యాదగా విన్నది. ఐర్లాండ్ 43-13తో గెలిచింది. ఆ నిర్ణయం తప్పనేవాళ్లు ఈరోజు నాకు కనబడరు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. గట్టిగా అరిచిన మాటలన్నీ నిలబడవు. డబ్లిన్ ఫుట్‌బాల్ జట్టు 2015 నుంచి 2020 దాకా వరుసగా ఆరుసార్లు కప్పు గెలిచినప్పుడు ‘ఆ కౌంటీని రెండు ముక్కలు చేయాలి’ అన్నారు. 2025లో మీత్ జట్టు లెన్‌స్టర్ సెమీస్‌లోనే డబ్లిన్‌ను ఓడించింది. 1957 తర్వాత మొదటిసారి లౌత్ లెన్‌స్టర్ కప్పు ఎత్తింది. ఆ రోజు లౌత్ జనం ఆనందం చూశాక, ప్రావిన్సుల పోటీలు ఎత్తేయాలని అంతకుముందు అనుకున్న నేను కూడా నోరు మూసుకున్నాను. అందుకే జులై విషయంలో కూడా కాలం నన్ను తప్పని తేలిస్తే ఒప్పుకుంటాను. ఇంకో పదేళ్లయినా చూడకుండా వెనక్కి పోవద్దన్నదే నా మనవి.

‘మనకెందుకీ గొడవ? మనం చూసేది క్రికెట్టు’ అని మనవాళ్లు అనవచ్చు. నిజమే, మనం ఇక్కడికి ఉద్యోగాల కోసం వచ్చాం. కానీ మన పిల్లలు ఇక్కడే పుట్టి పెరుగుతున్నారు. శనివారం ఉదయం క్లబ్బు మైదానంలో ఏడేళ్లలోపు పిల్లల్ని చూడండి, హెల్మెట్ల కింద మన ముఖాలు ఎన్ని కనిపిస్తాయో. ఆ పిల్లల్లో కౌంటీకి ఆడేవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారేమో. మిగతావాళ్లు ఆడేది క్లబ్బుకే. ఇరవై ఏళ్లు వచ్చాక ఊళ్లో వాళ్లను పేరు పెట్టి పిలిచే చోటు కూడా అదే. క్లబ్బుకు వేసవి మిగిల్చే క్యాలెండర్ మన పిల్లలకు మేలు చేసేదే. ఇంటికి టికెట్లు ఆర్నెల్ల ముందే కొనుక్కునే మనకు, మ్యాచ్ తేదీ ముందుగా తెలియడం ఎంత అవసరమో వేరే చెప్పాలా?

బయటి నుంచి వచ్చినవాళ్లకు ఈ ఆటల్లో చోటు లేదనుకోవద్దు. ఫిజీకి చెందిన తల్లికి పుట్టి, బాల్యంలో ఆస్ట్రేలియా నుంచి కార్క్ చేరిన షాన్ ఓగ్ ఓ హాల్పీన్ 2005లో ఆ కౌంటీకి కెప్టెన్‌గా హర్లింగ్ కప్పు అందుకుని, గేలిక్ భాషలో ప్రసంగించారు. ఇరాక్‌లో శరణార్థి కుటుంబంలో పుట్టిన కుర్దు యువకుడు జాక్ మొరాడి లీట్రిమ్ కౌంటీకి హర్లింగ్ ఆడారు. వెక్స్‌ఫర్డ్ హర్లింగ్‌లో పెద్ద పేరు లీ చిన్, ఆయన తండ్రిది మలేసియా. వీళ్లందరూ ముందు ఒక క్లబ్బు పిల్లలే.

ఇక మనవాళ్లకు నచ్చని మాట ఒకటి చెప్పి ముగిస్తాను. క్లబ్బును మనం శనివారం పిల్లల్ని దింపే చోటుగా వాడుకుంటున్నాం. దింపేసి కారులో ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాం. గంట తర్వాత తీసుకెళతాం. అక్కడ శిక్షణ ఇచ్చేవాళ్లు, గీతలు గీసేవాళ్లు, లాటరీ టికెట్లు అమ్మేవాళ్లు, శాండ్‌విచ్‌లు చేసేవాళ్లు ఎవరూ జీతగాళ్లు కారు. వాళ్లూ మనలాగే ఉద్యోగాలు చేసుకునే తల్లిదండ్రులు. ఇక పదిహేనో ఏడు రాగానే ‘లీవింగ్ సర్ట్ పాయింట్లు ముఖ్యం, ఆట చాలు’ అని పిల్లల్ని మాన్పిస్తున్నాం. నేను చూసినంతలో చిన్నపిల్లల జట్లలో ఉన్న మన ముఖాలు పదిహేడేళ్లవాళ్ల జట్టు దాకా వచ్చేసరికి దాదాపు కనిపించవు. చదువు మానమని ఎవరూ అనడం లేదు. ఐరిష్ తల్లిదండ్రులకూ పాయింట్ల బెంగ ఉంది. అయినా వాళ్లు వారానికి రెండు సాయంత్రాలు పిల్లల్ని మైదానానికి పంపుతున్నారు.

నేనూ మూడేళ్లు కారులోనే కూర్చున్నాను. ఒకరోజు వానలో కోన్లు ఏరుతున్న పెద్దాయనకు సాయం చేద్దామని దిగాను. ఆ తర్వాత మళ్లీ కారులో కూర్చోలేదు. పోలీసు తనిఖీ, పిల్లల భద్రత మీద ఒక తరగతి, చిన్న కోచింగ్ కోర్సు, అంతే, నాకూ ఒక విజిల్ ఇచ్చారు. ఆట నాకు ఇప్పటికీ సరిగా రాదు. కానీ ఊళ్లో దుకాణానికి వెళితే పిల్లలు పేరు పెట్టి పలకరిస్తారు. డబ్లిన్‌లో భారతీయులపై దాడుల వార్తలు వచ్చిన 2025 వేసవిలో ఆ పలకరింపు విలువ నాకు బాగా తెలిసింది.

జులై ఫైనల్ అయిపోగానే టీవీ కట్టేయకండి. ఆగస్టు నుంచి మీ ఊరి క్లబ్బు పెద్దల జట్టు ఆడుతుంది. ఒక్క ఆదివారం పిల్లల్ని తీసుకుని వెళ్లండి, గట్టు మీద నిలబడి చూడండి. మ్యాచ్ అయ్యాక టీ తాగండి. అక్కడ ఎవరైనా ‘ఫైనల్ మళ్లీ సెప్టెంబర్‌కు మార్చాలి’ అంటే, వాదించడానికి ఇప్పుడు మీ దగ్గరా నాలుగు మాటలున్నాయి.