ఎన్నికలున్నా ఖాళీ కాని కుర్చీలు: అలబామా చెప్పే పాఠం

కొలీజియం మీద చర్చ జరిగిన ప్రతిచోటా మన విద్యార్థి మిత్రులు ఒక ప్రశ్న వేస్తుంటారు: అమెరికాలోని చాలా రాష్ట్రాల్లోలాగా జడ్జీలను ప్రజలే ఎన్నుకుంటే దళితులు ధర్మాసనం ఎక్కరా? జవాబు కోసం మనం అలబామా రాజ్యాంగాన్ని చూడాలి.

అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ సొంత రాజ్యాంగం, సొంత ఉన్నత న్యాయస్థానం ఉంటాయి. అలబామా 1901 రాజ్యాంగం తెల్లవారి ఆధిపత్యాన్ని చట్టంగా నిలబెట్టడానికే పుట్టింది. అందులోని కోర్టుల అధ్యాయాన్ని 1973లో ఓటర్ల ఆమోదంతో తిరగరాశారు. దాని ప్రకారం జడ్జీల పదవీకాలం ఆరేళ్లు. ఒక కోర్టు అధికార పరిధిలోని ఓటర్లే ఆ కోర్టు జడ్జీలను ఎన్నుకుంటారు. మధ్యలో ఖాళీ వస్తే సాధారణంగా గవర్నర్ నింపుతారు.

ఈ నిబంధనల్లో జాతి ఊసే లేదు. కిటుకంతా 'పరిధి' అన్న మాటలో ఉంది. సుప్రీంకోర్టు పరిధి రాష్ట్రమంతా కనుక, దాని తొమ్మిది స్థానాల్లో ఒక్కోదానికీ రాష్ట్రమంతా ఓటేస్తుంది. జనాభాలో నల్లజాతివారు నాలుగో వంతుకు పైగా ఉన్నా, ప్రతి స్థానం దగ్గరా వారు మైనారిటీయే. అదే రాజ్యాంగం కింద, బర్మింగ్‌హామ్ నగరం ఉన్న జెఫర్సన్ కౌంటీలో 2016లో తొమ్మిది మంది నల్లజాతి మహిళలు జడ్జీలుగా గెలిచారు. ఓటు అదే, గీత మారింది.

ఆ సుప్రీంకోర్టులో మొదటి నల్లజాతి న్యాయమూర్తి ఆస్కార్ ఆడమ్స్. 1980లో గవర్నర్ నియమించాకే 1982లో ఎన్నికలో నెగ్గారు. తర్వాత వచ్చిన రాల్ఫ్ కుక్, జాన్ ఇంగ్లండ్ కూడా మొదట నియామకంతోనే వచ్చారు. ఇద్దరూ 2000 ఎన్నికల్లో ఓడిపోయారు. ఆపై రెండు దశాబ్దాలకు పైగా అక్కడ తెల్లవారే కూర్చున్నారు. ఈ పద్ధతిని సవాలు చేస్తూ 2016లో వేసిన దావాను 2020లో ఫెడరల్ కోర్టు తోసిపుచ్చింది. 2025లో బిల్ లూయిస్ వచ్చారు. ఆయననూ నియమించింది గవర్నరే. నలుగురికీ మొదట తలుపు తీసింది బ్యాలెట్ కాదు, పైవారి నిర్ణయం.

1980 మనకూ గుర్తుండాల్సిన ఏడాదే. భారత సుప్రీంకోర్టుకు తొలి దళిత న్యాయమూర్తిగా ఎ. వరదరాజన్ వచ్చింది అప్పుడే. 2010లో కె.జి. బాలకృష్ణన్ రిటైరయ్యాక, 2019లో బి.ఆర్. గవాయ్ వచ్చేదాకా అక్కడ ఒక్క దళిత జడ్జీ లేరు. కేంద్రం పార్లమెంటుకు ఇచ్చిన లెక్క ప్రకారం 2018 నుంచి 2023 జూలై మధ్య వరకు హైకోర్టుల్లో నియమితులైన 604 మందిలో ఎస్సీలు 18 మంది, ఎస్టీలు 9 మంది, జనరల్ వర్గం వారు 458 మంది. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో ఎస్సీలు 16.6 శాతం.

అక్కడ అడ్డుపడింది మెజారిటీ ఓటు, ఇక్కడ అడ్డుపడుతున్నది మూసిన గది. కాబట్టి 'ఎన్నికా, నియామకమా' అన్న దగ్గరే చర్చ ఆగిపోతే మనం నష్టపోతాం. కింది కోర్టుల భర్తీలో అమలవుతున్న రిజర్వేషన్ హైకోర్టు గుమ్మం దగ్గర ఎందుకు ఆగిపోతోందని అడగాలి. రాజ్యాంగంలోని 217వ అధికరణం హైకోర్టు జడ్జీల నియామకం గురించి చెబుతుంది, సామాజిక ప్రాతినిధ్యం గురించి ఒక్క మాటా చెప్పదు. ఆ మౌనాన్ని సవరణతో పూరించాలి. అప్పటిదాకా కొలీజియం పరిశీలించిన పేర్లలో ఏ వర్గం వారు ఎందరో, సిఫారసు చేసినవారిలో ఎందరో ఏటా ప్రకటించాలి. ఎవరి దయ మీదా ఆధారపడని ప్రాతినిధ్యం కావాలంటే, అది రాజ్యాంగంలో రాసి ఉండాలి.