లెక్క ముందే అయిపోయిన పిల్లకు ఏమిస్తున్నాం?

మూడో తరగతిలో అప్పు తెచ్చుకునే తీసివేతలు చెప్పే వారం ఏ బడికైనా వెళ్లి వెనక నిలబడి చూడండి. బోర్డు మీద పది లెక్కలుంటాయి. సగం మంది రెండో లెక్క దగ్గరే పెన్సిల్ కొరుకుతూ ఉంటారు. ఒకరిద్దరు మాత్రం పదీ చేసేసి నోటు పట్టుకుని టీచర్ దగ్గరికి వస్తారు. "అయిపోయింది మేడం" అంటారు. అప్పుడు వాళ్లకు దొరికేవి మూడే. అలాంటివే ఇంకో పది లెక్కలు, లేదంటే "చేతులు కట్టుకుని కూర్చో", అదీ కాదంటే "పో, పక్కవాళ్లకు చెప్పు".

నేను సెకండరీ గ్రేడ్ టీచర్ని. నా ఉద్యోగమంతా మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లోనే గడిచింది. ఈ పిల్లల గురించి మా శిక్షణల్లో ఎవరూ మాట్లాడరు, మా సమావేశాల్లో ఎవరూ అడగరు. అడగాలని నా వాదన. వాళ్లకు వేరే సెక్షన్ వద్దు, పై తరగతి పుస్తకం వద్దు, ప్రవేశ పరీక్షల బిట్లు అసలే వద్దు. అదే తరగతిలో, అదే పాఠంలో, ఇంకొంచెం లోతుకు దిగే పని కావాలి. ఆ పని చేస్తానని వచ్చే ఏ పిల్లనూ "నీకు కాదులే" అని వెనక్కి పంపకూడదు.

చదవడం రాని పిల్లకు చదవడం నేర్పడమే మొదటి పని. అందులో నాకు రెండో మాట లేదు. 2021 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యం కూడా అదే. 2026-27 నాటికి మూడో తరగతి దాటే ప్రతి పిల్లకూ చదవడం, రాయడం, చిన్న లెక్కలు రావాలి. అందుకోసం బేస్‌లైన్ పరీక్ష పెడతాం, స్థాయిలుగా విడదీస్తాం, కింది స్థాయిలో ఉన్నవాళ్లతో రోజూ కూర్చుంటాం. పై స్థాయిలో ఉన్న పిల్ల పేరు ఎదురుగా టిక్కు పెట్టి వదిలేస్తాం. ఆ టిక్కు పడ్డ రోజు నుంచి ఏడాది చివరిదాకా ఆ పిల్ల కొత్తగా ఏం నేర్చుకుందో చెప్పమంటే మా దగ్గర జవాబుండదు.

"పక్కవాళ్లకు చెప్పు" అనడం పైకి మంచి పనిగానే కనిపిస్తుంది. అప్పుడప్పుడూ అయితే మంచిదే, చెప్పేటప్పుడు తనకూ గట్టిపడుతుంది. రోజూ అదే అయితే ఆ పిల్ల జీతం లేని టీచరమ్మ అవుతుంది. నోట్లు దిద్దడం, అటెండెన్స్ పిలవడం, చిన్న తరగతిని చూసుకోవడం దాని నెత్తిన పడతాయి. నేను పనిచేసిన దాదాపు ప్రతి బడిలోనూ ఈ పని బుద్ధిగా కూర్చునే ఆడపిల్లకే దక్కింది. అంతే తెలివి ఉన్న మగపిల్లాడు ఊరికే కూర్చోలేక బల్లలు గోకి, పక్కవాణ్ణి గిల్లి, అల్లరివాడని పేరు తెచ్చుకుంటాడు. ఒకరికి మంచి పేరు, ఇంకొకరికి చెడ్డ పేరు. ఇద్దరికీ బడిలో బుర్రకు పని లేదు.

మన పల్లెల్లో తెలివైన పిల్లకు తెలిసిన దారి ఒక్కటే. నవోదయ. ఐదో తరగతి మొదలయ్యేసరికి తల్లిదండ్రులు బడికి వస్తారు. "ఎట్లన్నా చేసి సీటు వచ్చేట్టు చూడండి మేడం." నవోదయ మీద నాకు గౌరవం ఉంది. 1986 విద్యా విధానం ఇచ్చిన మంచి కానుకల్లో అదొకటి. డెబ్బై అయిదు శాతం సీట్లు పల్లె పిల్లలకే. కూలి పనికి పోయేవాళ్ల పిల్లలు అక్కడ చదివి ఎక్కడెక్కడికో వెళ్లారు. కానీ ఆరో తరగతిలో ఒక విద్యాలయం తీసుకునేది మహా అయితే 80 మందిని. పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు. అందులో సగం బొమ్మల్ని పోల్చి తేడా పట్టే మానసిక సామర్థ్యం ప్రశ్నలు. మిగిలిన సగం లెక్కలు, భాష. ఆ ఏడాదంతా పిల్ల గైడు ముందు పెట్టుకుని ఓఎంఆర్ గడులు నింపుతుంది. నాలుగు జవాబుల్లో సరైనదేదో క్షణంలో పట్టడం వస్తుంది. అది ఎందుకు సరైనదో అడగడం పోతుంది. ఇక సీటు రాని పిల్లలు, అంటే రాసినవాళ్లలో చాలా ఎక్కువమంది, పదేళ్లకే తమకు తెలివి లేదని తేల్చుకుని ఆరో తరగతిలోకి వస్తారు. తరగతి పైకి తోసుకుపోవడమూ, పరీక్షకు తయారుచేయడమూ పిల్ల బుద్ధికి మేత వేయడం కిందికి రావు.

మరి మేత అంటే ఏది? నేను చూసిందొకటి చెప్తాను.

నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో డి.ఆర్. కాప్రేకర్ (1905–1986) అనే బడిపంతులు ఉండేవారు. పెద్ద పెద్ద డిగ్రీలు లేవు. పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, తీరిక వేళ అంకెలతో ఆడుకుంటూ ఉండేవారు. ఆయన పేరు మీద ఒక సంఖ్య ఉంది, 6174. అన్నీ ఒకటే కాని నాలుగు అంకెలు తీసుకోండి. వాటితో వచ్చే పెద్ద సంఖ్యలోంచి చిన్న సంఖ్యను తీసేయండి. వచ్చినదాంతో మళ్లీ అలాగే చేయండి. ఏడు మెట్లు దాటకుండా 6174 దగ్గరికి చేరుతుంది, ఆ తర్వాత కదలదు. 3524 చూడండి. 5432లోంచి 2345 పోతే 3087. 8730లోంచి 0378 పోతే 8352. 8532లోంచి 2358 పోతే 6174. దీనికి మూడో తరగతి తీసివేత తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

చిన్న తరగతికి మూడంకెలతో మొదలుపెట్టాను. అక్కడ ఆగేది 495 దగ్గర. ఆ మాట ముందే చెప్పలేదు. పది లెక్కలూ ముందే చేసేసే ఒక పాప 211 ఎంచుకుంది. 211లోంచి 112 తీస్తే 99. 99ని తిరగేస్తే మళ్లీ 99, తీసేస్తే సున్నా. "సున్నా వచ్చేసింది మేడం, ఇది తప్పు ఆట" అంది. మిగతావాళ్లకు 495 వస్తోంది, తనకు మాత్రం సున్నా. చాలాసేపు ఆ కాగితం మీదే ఉంది. మూడంకెల ఆట కదా, మూడో అంకె ఎక్కడికి పోయిందని అడిగాను. 099 అని రాసుకుంది. 990లోంచి 099 పోతే 891. అక్కడి నుంచి గబగబా 495కి దిగిపోయింది. సంఖ్యకు ముందున్న సున్నాకు విలువ లేదని మేం ఒకటో తరగతి నుంచీ చెప్తున్నాం. ఆ సున్నా లేకపోతే ఆట ఎందుకు చెడిందో ఆ పాప తనకు తానే పట్టుకుంది. స్థానవిలువ మీద అంతకంటే మంచి పాఠం నేను చెప్పలేను.

"రెండంకెలకు ఎంత వస్తుంది మేడం?" అని తర్వాత తనే అడిగింది. చేసి చూడమన్నాను. మర్నాడు కాగితం తెచ్చింది. 81, 63, 27, 45, 9, మళ్లీ 81. "ఇది ఆగేదే లేదు మేడం, తిరుగుతానే ఉంది." చుట్టూ నలుగురు మూగారు. వాళ్లలో పది లెక్కలిస్తే నాలుగైదు తప్పులు చేసే పిల్లోడొకడు ఉన్నాడు. వాడు కాగితాన్ని తేరిపార చూసి, "అన్నీ తొమ్మిదో ఎక్కంలోవే గదా" అన్నాడు. బేస్‌లైన్ పరీక్ష ప్రకారం వాడు కింది స్థాయి. ఆ వారం వాడు ఎవరూ చెప్పకుండానే చేసిన తీసివేతలు మేం నెలరోజులు బోర్డు మీద వేసేవాటికంటే ఎక్కువ.

అందుకే ఈ పనిని ముందుగా పరీక్ష పెట్టి ఏరిన పిల్లలకే ఇవ్వాలనేవాళ్లతో నేను ఏకీభవించను. ఈ రంగంలో పేరున్న అమెరికా విద్యావేత్త జోసెఫ్ రెంజుల్లి 1978లోనే ఆ వాదానికి అడ్డం తిరిగాడు. ఒక్క తెలివి పరీక్ష మార్కును బట్టి పిల్లను ప్రతిభావంతురాలని తేల్చలేమన్నాడు. సగటుకు మించిన శక్తి, కొత్తగా ఆలోచించే గుణం, పట్టిన పని వదలని పట్టుదల, ఈ మూడూ ఒకచోట కలవాలన్నాడు. ఆయన పద్ధతిలో కొత్త విషయాలు రుచి చూపించే మొదటి దశ పిల్లలందరికీ. దాంట్లో ఎవరికి మనసు పట్టుకుందో వాళ్లు లోపలికి పోతారు. ఎవరికి పట్టుకుంటుందో ముందే చెప్పడం ఎనిమిదేళ్ల పిల్లల విషయంలో ఎవరి తరమూ కాదు. ఇంట్లో పుస్తకాలున్న పిల్ల పరీక్షలో పైకి తేలుతుంది. ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకునే పిల్ల తేలదు.

పాఠ్యపుస్తకం దాటి పోవాల్సిన అవసరం కూడా ప్రతిసారీ ఉండదు. మా వైపు టమాటా మండీకి సరుకు తోలిన ప్రతి ఇంట్లోనూ పట్టీలుంటాయి. ఎన్ని బాక్సులు పోయాయి, ఏ ధరకు పోయాయి, కమీషను ఎంత, హమాలీ ఎంత, చేతికొచ్చింది ఎంత, అన్నీ అందులోనే. ఐదో తరగతి పిల్లల చేత పాత పట్టీలు తెప్పించి, ఎవరివో తెలియకుండా పేర్ల మీద కాగితం అంటించి ఇచ్చాను. మండీలో పలికిన ధరకూ రైతు చేతికొచ్చిన దానికీ మధ్య కిలోకు ఎంత తేడా ఉందో తేల్చమన్నాను. శాతాలు, సగటు, కూడికలు అన్నీ వచ్చాయి. ఇద్దరు పిల్లలు మాత్రం అంతటితో ఆగలేదు. రేటు బాగా పలికిన రోజుల్లో వాళ్ల ఇళ్లల్లో సరుకు ఎందుకు ఉండదని అడుగుతూ నెలంతా తిరిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. వాళ్లకు కావలసింది అలాంటి ప్రశ్నే.

ఇదంతా ఒక టీచరు, ఐదు తరగతులు ఉన్నచోట ఎలా సాధ్యమని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. జవాబు మా పక్కనే ఉంది. రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రంలో వై.ఎ. పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివర్లో ఒకే టీచరున్న పల్లె బడుల కోసమే ఒక పద్ధతి తయారుచేశారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడదీసి నిచ్చెన మెట్లలా పేర్చారు. కార్డు మీదున్న బొమ్మ చూసి పిల్ల తన మెట్టు తానే వెతుక్కుంటుంది. ప్రతి మెట్టులోనూ పరిచయం, అభ్యాసం, మూల్యాంకనం ఉంటాయి. మూల్యాంకనంలో తడబడిన పిల్లకు సవరణ కార్డు, నిలబడిన పిల్లకు ఇంకా లోతుకు తీసుకెళ్లే కార్డు. అంటే ముందే అయిపోయిన పిల్ల కోసం ఏర్పాటు ఆ నిచ్చెనలోనే ఉంది, టీచరు అప్పటికప్పుడు వెతుక్కోనక్కర్లేదు. కర్ణాటక దాన్ని నలి-కలిగా మలచుకుంది. తమిళనాడు 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టి రాష్ట్రమంతా తీసుకెళ్లింది. మన నేల మీద పుట్టిన పద్ధతిలోని ఆ ఒక్క కార్డునైనా మన వర్క్‌బుక్కుల్లోకి తెచ్చుకోవడానికి అడ్డేమిటి? ప్రతి పాఠం చివర రెండు ప్రశ్నలు చాలు. ఒక్క నిమిషంలో జవాబు రాని ప్రశ్నలు, రెండు మూడు రకాలుగా చేయగలిగే ప్రశ్నలు.

జాతీయ విద్యా విధానం 2020 ఈ సంగతి వదిలేయలేదు. ప్రత్యేకమైన ఆసక్తి, ప్రతిభ ఉన్న పిల్లలకు అదనపు సామగ్రి, ప్రోత్సాహం ఇవ్వాలని, బడి స్థాయిలోనూ కాంప్లెక్సు స్థాయిలోనూ జిల్లా స్థాయిలోనూ గణితం, విజ్ఞానం, భాష, చదరంగం వంటి వాటికి బృందాలు ఉండాలని రాసింది. అది మా బడులదాకా దిగాలంటే డైట్ కళాశాలల్లో కాబోయే టీచర్లకు దీని మీద కొన్ని గంటలైనా చెప్పాలి. నో బ్యాగ్ డే అంటున్న శనివారాల్లో ఆటపాటలతో పాటు ఇలాంటి పనికీ ఒక గంట ఉండాలి. చుట్టుపక్కల నాలుగు బడుల పిల్లలు నెలకోసారి ఒకచోట కూడితే, తమ బడిలో ఒంటరిగా ఉన్న పిల్లకు తనలాంటి ఇంకో పిల్ల కనిపిస్తుంది. ఆ స్నేహం విలువ నేను లెక్కగట్టలేను.

అధికారులకు నా మనవి ఒకటే. దయచేసి దీనికి ఇంకో యాప్, ఇంకో ఫారం పెట్టకండి. కాంప్లెక్స్ సమావేశంలో ఒక గంట మాకు వదిలేయండి. తరగతిలో పని చేసిన ఒక్కో ప్రశ్ననూ ఒక్కో టీచరు తెచ్చి, పిల్లలు రాసిన కాగితాలతో సహా మిగతావాళ్ల ముందు పెడతారు. వచ్చే సమావేశానికి నేను 211తో మొదలైన ఆ పాప కాగితమూ, పేర్లు కప్పిన పట్టీలూ తీసుకెళ్తున్నాను.