ప్రతిమామానమున ఉపమానము

ఉపమానమనగానే ఆలంకారికునకు చంద్రుడును పద్మమును, నైయాయికునకు గవయమును స్ఫురించును. స్థపతికి స్ఫురించునది రెండు పాదముల నడుమనున్న ఖాళీ. శిల్పశాస్త్రమున ఈ పదమునకు అంతరాళపు కొలత అని అర్థము. ప్రాచ్యకళాశాలలలో మొదటి రెండర్థములు తెలియని విద్యార్థి ఉండడు; మూడవదానిని ఎరిగినవాడు అరుదు.

ఆగమ శిల్పగ్రంథములు ప్రతిమకు ఆరు విధములైన కొలతలు చెప్పుచున్నవి. పొడవు మానము, వెడల్పు ప్రమాణము, మందము ఉన్మానము, చుట్టుకొలత పరిమాణము. వ్రేలాడదీసిన సూత్రములను అనుసరించునది లంబమానము. అవయవముల నడిమి ఎడమునకు కొలత ఉపమానము. టి.ఏ. గోపీనాథరావు వీనిని ఇరువదవ శతాబ్ది తొలి దశకములలోనే ఆధునిక పాఠకులకు విశదపరచెను. అయినను వ్యాసములలో తరచుగా కనబడునది తాలమానమొక్కటే: ఉత్తమదశతాలమునకు 124 అంగుళములు, మధ్యమదశతాలమునకు 120, చిత్రసూత్రమున హంసపురుషునకు 108, శశకునకు 90. అంకెలు కంఠస్థము చేయుటకు అనువైనవి. పరీక్షలో అడుగుటకును అనువైనవే.

ఆ అంకెలతోనే విద్యార్థి త్రిభంగమూర్తిని వ్రాయబూనెననుకొందము. చేయి పొడవు సరిపోవును, మొండెము వెడల్పును సరిపోవును. అయినను చేయి దేహమునకు అతికించినట్లుండును. కటిహస్తమున మోచేతికిని నడుమునకును మధ్య ఏర్పడు ముక్కోణపు ఖాళీ తప్పుటయే కారణము. అతడు కంటికి కనబడిన చేతిని గాక, చేయి ఇట్లుండునని మనస్సున నిలిచిన రూపమును వ్రాసెను. ఖాళీకి పేరు లేదు. కావున దానిని గూర్చి ముందే ఏర్పడిన భావనయు లేదు. దానిని ఉన్నదున్నట్లు చూడగలడు. ఖాళీని సరిగా వ్రాసినచో దాని అంచే మోచేయి అగును. పాశ్చాత్య చిత్రవిద్యాబోధకులు చేయించు అభ్యాసమిదియే. 1979లో వెలువడిన బెట్టీ ఎడ్వర్డ్స్ గ్రంథము దీనిని సామాన్యులలో వ్యాపింపజేసినది. అభావమును పదార్థముగా అంగీకరించిన శాస్త్రమును చదివినవారికి ఖాళీని కొలుచుట వింతగా తోచరాదు.

అంతమాత్రమున అంతయు పూర్వులే చెప్పిరని సంతసించుట పాండిత్యము కాదు. చిత్రకారుడు చూచు ఖాళీ ద్రష్ట నిలిచిన చోటునుబట్టి మారును. రెండడుగులు ప్రక్కకు జరిగినచో ముక్కోణము సన్నగిలును. స్థపతి చెప్పు ఉపమానము ప్రతిమయందే స్థిరము. దానికి చూచువానితో పనిలేదు. చూపుతో వచ్చు మార్పును విష్ణుధర్మోత్తరమందలి చిత్రసూత్రము స్థానములు, క్షయవృద్ధులు అను విచారమున వేరుగా చెప్పినది. ఈ భేదమును గుర్తింపక రెంటిని ఒకటిగా చూపు వ్యాసములవలన శాస్త్రమునకు గౌరవము పెరుగదు.

మానసారమున ప్రలంబలక్షణమను అధ్యాయము కలదు. ప్రతిమపై పలకనుంచి, దాని రంధ్రములనుండి బరువుకట్టిన దారములను జారవిడిచి, దారమునుండి ఆయా అవయవములకు గల ఎడమును కొలుచుట అందలి విషయము. ఆభంగమున ఈ ఎడము ఒకవిధముగాను, అతిభంగమున మరొకవిధముగాను ఉండును. తరగతిలో దీనికి సమాసవిగ్రహములు చెప్పి ముగించినచో విద్యార్థికి దక్కునది శబ్దమే. దారము, రాయి, పలక, ఒక విగ్రహము ఉన్నచో ఒక మధ్యాహ్నమున అధ్యాయమంతయు బోధపడును.

ఇందు పరిష్కర్తల పనియు ఇమిడియున్నది. శిల్పగ్రంథముల ప్రతులలో అపాణినీయ ప్రయోగములు విరివి. వ్యాకరణపండితుడు వానిని గుర్తించును. కాని లేఖకుడు అంగుళసంఖ్యను తప్పుగా వ్రాసినచో శ్లోకము ఛందస్సు చెడకుండ, వ్యాకరణము చెడకుండ నిలిచియే ఉండును. ఆ తప్పు గీచి చూచినప్పుడే బయటపడును: మోకాలు దిగువకు జారును, లేదా పాదములు ఒకదానిపైనొకటి ఎక్కును. పాఠాంతరములు రెండున్నచోట ఏది గ్రాహ్యమో చెప్పగల సాక్ష్యము ఆ గీతయే. కాగితముపై ఒక్క రేఖయు గీయని పరిష్కర్త తాళపత్రముల ప్రాచీనతనో, ప్రతుల సంఖ్యనో ఆశ్రయింపవలసివచ్చును.

తిరుపతిలో దేవస్థానమువారి సంప్రదాయ శిల్పవిద్యాసంస్థ కలదు. అక్కడి విద్యార్థులు ఎడములను చేతితో ఎరుగుదురు; ప్రాచ్యకళాశాల విద్యార్థులు శ్లోకమును విడదీయగలరు. ప్రలంబలక్షణము పాఠము జరుగు వారమున ఒక స్థపతిని తరగతికి పిలుచుటకు పాఠ్యప్రణాళికను మార్చనక్కరలేదు, ప్రయాణవ్యయము చాలును. పరీక్షలో తాలముల అంగుళసంఖ్యలడుగు ప్రశ్నకు బదులు, శ్లోకమునిచ్చి దానిని గీచి చూపుమని అడిగిన ప్రశ్నపత్రము ఒక్కటైనను రావలెను.