మాధ్యమం తగవులో పిల్లల మాటేది?

ఇంగ్లీషు మీడియం మీద తగవు రేగినప్పుడల్లా పత్రికల్లో, టీవీ చర్చల్లో రెండు పక్షాలే కనిపిస్తాయి. తెలుగు అంతరించిపోతోందని ఒక పక్షం వాపోతుంది. పేదవాడి బిడ్డకు ఇంగ్లీషు అందకుండా చేస్తారా అని రెండో పక్షం నిలదీస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం కోసం 81, 85 నంబర్ల జీవోలు తెచ్చినప్పుడు ఇదే వాదన నడిచింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టివేసినప్పుడూ, 2022లో తెలంగాణ ప్రభుత్వ బడులను ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చాలని నిర్ణయించినప్పుడూ మళ్లీ అదే. భాష ఏమవుతుందో మాట్లాడారు, ఉద్యోగాలు ఏమవుతాయో మాట్లాడారు. ఒకటో తరగతిలో కూర్చున్న ఆరేళ్ల పిల్ల ఏ భాషలో ఆలోచిస్తుందో, ఏ భాషలో ప్రశ్న అడుగుతుందో ఎవరికీ పట్టలేదు. చట్టం పట్టించుకున్నది మాత్రం సరిగ్గా ఆ పిల్లనే.

విద్యాహక్కు చట్టం సెక్షన్ 29(2)(ఎఫ్) గురించి వార్తల్లో ఒక్క వాక్యమే వస్తుంది. సాధ్యమైనంత మేరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలన్నది దాని సారం. ‘సాధ్యమైనంత మేరకు’ అని ఉంది కాబట్టి అది సలహా మాత్రమేనని తేల్చేసి ముందుకు పోతారు. ఆ క్లాజుకు ముందూ వెనకా ఏముందో చదివినవారు తక్కువ. దానికి ముందున్న (ఇ) క్లాజు పిల్లలు పనులు చేస్తూ, శోధిస్తూ, తమంతట తాము కనుగొంటూ నేర్చుకోవాలంటుంది. తర్వాతి (జి) క్లాజు పిల్లలను భయం, ఆందోళనల నుంచి దూరంగా ఉంచి, తమ అభిప్రాయాన్ని స్వేచ్ఛగా చెప్పగలిగేలా చేయాలంటుంది. ఆపై (హెచ్) క్లాజు పిల్లలకు ఎంత అర్థమైందో, దాన్ని ఎంతవరకు వాడగలుగుతున్నారో నిరంతరం చూడాలంటుంది.

ఈ నాలుగింటినీ కలిపి చదివితే చట్టం ఉద్దేశం స్పష్టంగా కనిపిస్తుంది. శోధించే పిల్ల అడగాలి. అడగాలంటే భయం పోవాలి. భయం పోవాలంటే నోట మాట ఉండాలి. మాతృభాష క్లాజు ఆ జాబితాలో అలంకారానికి లేదు. మిగిలినవి నెరవేరడానికి అదే ఆధారం. ‘సాధ్యమైనంత మేరకు’ అన్న సడలింపును వాడుకోదలచిన ప్రభుత్వం, మాతృభాష లేకుండా (జి), (హెచ్) క్లాజులను ఎలా అమలుచేస్తుందో ముందు చెప్పాలి. తెలుగు పిల్లలు, తెలుగు వచ్చిన టీచర్లు, తెలుగు పుస్తకాలు ఉన్నచోట అసాధ్యమన్న వాదనకు తావెక్కడుంది?

2014 మే 6 నాటి సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పును ఇక్కడ అడ్డు తెస్తుంటారు. మాధ్యమం ఎంపిక తల్లిదండ్రుల హక్కని కోర్టు తేల్చేసింది కదా అంటారు. ఆ కేసు పుట్టింది కర్ణాటక 1994లో ప్రాథమిక బడులకు పెట్టిన షరతు నుంచి. మాతృభాషలో బోధించకపోతే గుర్తింపు ఇవ్వబోమని ప్రైవేటు బడులను ప్రభుత్వం బలవంతపెట్టవచ్చా అన్నది అక్కడి ప్రశ్న. పెట్టకూడదని ధర్మాసనం చెప్పింది. చిన్న తరగతుల పిల్లలు మాతృభాషలో మెరుగ్గా నేర్చుకుంటారని నిపుణులు ఏకాభిప్రాయంతో చెప్పినా సరే, ఆ కారణంతో బలవంతం చెల్లదని దాని తర్కం. నిపుణుల మాట తప్పని కోర్టు ఎక్కడా అనలేదు. ప్రైవేటు బడుల స్వేచ్ఛపై వచ్చిన తీర్పు ప్రభుత్వ బడి తన బాధ్యత వదులుకోవడానికి అనుమతిపత్రం కాదు.

నిపుణులు అంత గట్టిగా ఎందుకు చెబుతున్నారో తెలియాలంటే దాదాపు నూరేళ్లు వెనక్కి వెళ్లాలి. చిన్నపిల్లలు ఆడుకుంటూ తమలో తాము మాట్లాడుకుంటారు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే 1923 నాటి పుస్తకంలో దీన్ని అహంకేంద్రిత భాషణ అన్నాడు; వయసుతో పాటు రాలిపోయే అపరిపక్వతగా చూశాడు. సోవియట్ శాస్త్రవేత్త లెవ్ వైగాట్‌స్కీ దీన్ని ఒప్పుకోలేదు. బొమ్మ వేస్తున్న పిల్లలకు కావలసిన కాగితమో రంగు పెన్సిలో దొరకకుండా చేసి చూశాడు. ఆ స్వగతం దాదాపు రెట్టింపైంది. నీలం పెన్సిల్ కనిపించని ఒక పిల్లవాడు ఎర్రదాన్నే నీళ్లలో తడిపి వాడదామని పైకే అనుకుంటూ దారి వెతుక్కున్నాడు. అంటే ఆ మాటలే ఆలోచన. పెద్దలతో, తోటివారితో ఆడిన మాట మొదట స్వగతమై, తర్వాత లోపలికి ఇంకి మౌనమైన ఆలోచనగా మారుతుందని వైగాట్‌స్కీ నిరూపించదలచాడు.

ఆయన చేసిన రెండో పరీక్ష మనకు మరీ ముఖ్యం. పిల్లలను చెవిటి పిల్లల మధ్య, పరాయి భాష మాట్లాడే పిల్లల మధ్య కూర్చోబెట్టాడు. వారి స్వగతం బాగా పడిపోయింది. ఎదుటివారికి తన మాట అర్థమవుతుందన్న నమ్మకం పోయినచోట పిల్లవాడు తనతో తాను మాట్లాడుకోవడం కూడా తగ్గించేశాడు. క్షయతో 37 ఏళ్లకే, 1934లో ఆయన కన్నుమూశాడు. ఈ పరీక్షలను వివరించిన ఆయన ‘ఆలోచన, భాష’ గ్రంథం అదే ఏడాది వెలువడింది.

ఇప్పుడు మన ఒకటో తరగతికి రండి. టీచరమ్మ ఇంగ్లీషులో అడుగుతుంది: అయిదు మామిడికాయల్లో రెండు తీసేస్తే ఎన్ని? పిల్లలంతా ఆ ప్రశ్ననే కోరస్‌గా తిరిగి అప్పజెబుతారు. అదే లెక్క తెలుగులో అడిగితే ఒక పిల్ల వేళ్లు మడిచి మూడని చెబుతుంది. పక్కనున్నవాడు కుళ్లినదొకటి పారేస్తే రెండే కదా అని ఎదురు వాదిస్తాడు. మొదటి గదిలో చప్పుడుంది, రెండో గదిలో చదువుంది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న ద్విభాషా పుస్తకాలు కొంత ఆసరాయే. కానీ పిల్ల అడిగినదానికి పుస్తకం బదులు చెప్పదు.

చిన్నప్పుడే వేస్తే ఇంగ్లీషు ఇట్టే వస్తుందన్నది మరో అపోహ. కెనడాకు వలస వచ్చిన పిల్లలపై భాషా పరిశోధకుడు జిమ్ కమిన్స్ చేసిన పరిశీలనలో మాట్లాడే ఇంగ్లీషు రెండేళ్లలో వచ్చింది. పాఠం చదివి అర్థం చేసుకునే ఇంగ్లీషుకు అయిదు నుంచి ఏడేళ్లు పట్టింది. అది వీధిలో, బస్సులో, ఆటస్థలంలో ఇంగ్లీషే వినిపించే దేశం. బడి గంట మోగాక ఇంగ్లీషు వినపడని మన పల్లె పిల్లలకు ఎంత కాలం పట్టాలి?

తెలుగు అభిమానులకూ ఒక మాట. పాఠ్యపుస్తకంలోని తెలుగు అందరి ఇంటి భాష కాదు. కోయ, సవర, గోండి, కొలామి పిల్లలకు అదీ పరాయిదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టింది. ఇంటి భాషలో మొదలై, మెల్లగా తెలుగులోకి, ఇంగ్లీషులోకి నడిపించే పద్ధతి అది. తెలుగు కోసం ఊరేగే మనం ఆ బడుల కోసం ఎన్నిసార్లు గొంతెత్తాం?

తల్లిదండ్రుల కోరికను నేను తక్కువ చేయడం లేదు. వారికి ఇంగ్లీషు కావాలి, అది న్యాయం. ఇంగ్లీషు రావాలన్న కోరికను ఇంగ్లీషులోనే అన్నీ చెప్పాలన్న సమ్మతిగా లెక్కగట్టడమే అన్యాయం. పరభాష సొంత భాష మీద ఆనుకునే ఎదుగుతుందని వైగాట్‌స్కీయే చెప్పాడు. కనీసం అయిదో తరగతి దాకా వీలైనచోట ఇంటి భాషలో బోధన అని 2020 జాతీయ విద్యావిధానం అంటున్నదీ ఆ దారే.

కాబట్టి ప్రభుత్వాలు చేయాల్సింది స్పష్టం. అయిదో తరగతి వరకు పిల్లల ఇంటి భాషలో బోధించాలి. ఇంగ్లీషును ఒకటో తరగతి నుంచే, దాన్ని నేర్పడంలో శిక్షణ పొందిన టీచర్లతో, ఒక సబ్జెక్టుగా గట్టిగా నేర్పాలి. గిరిజన భాషల బడులను తిరిగి నిలబెట్టాలి. మాధ్యమం మీద మళ్లీ జీవో రాసే అధికారులు, దాన్ని విమర్శించే సంపాదకులు ఎఫ్ క్లాజు దగ్గరే ఆగకుండా ఆ కింది రెండు క్లాజులూ చదవాలి. ప్రశ్న అడగలేని పిల్లకు ఏ మాధ్యమమైనా హక్కును కాదనడమే.