జిద్ గెలిచింది, దలీల్ ఓడింది

తూటాల గురించి నేను రాయడమేంటని కొందరు దోస్తులు నవ్వుకోవచ్చు. నవ్వండి. నా సవాల్ తూటా మీద కాదు, ఫైసలా మీద.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటన్ తనను తాను అడుగుకుంది: సిపాయికి నిజంగా ఎంత తూటా కావాలి? పాత .303 వెయ్యి గజాలు దాటి పోయేది. కానీ మైదానంలో కాల్పులు చాలామటుకు మూడు నాలుగు వందల గజాల లోపే జరుగుతాయన్నది యుద్ధం నేర్పిన తజుర్బా. ఆ హిసాబ్‌లోంచి పుట్టిందే .280, అంటే ఏడు మిల్లీమీటర్ల తూటా. బరువు తక్కువ, భుజాన్ని తన్నడమూ తక్కువ. దానికోసం ఈఎం-2 అనే రైఫిల్ తయారైంది. 1951లో అట్లీ సర్కార్ రక్షణ మంత్రి షిన్‌వెల్ దాన్ని తీసుకుంటున్నట్టు ఎలాన్ కూడా చేశాడు.

అమెరికా ససేమిరా అంది. దూరం చాలదు, జోరు చాలదు అన్నారు. వాళ్ల ఆయుధ విభాగంలో కర్నల్ రెనే స్టడ్లర్ .30 కాలిబర్ నుంచి కదలనన్నాడు. అదే ఏడు అక్టోబరులో చర్చిల్ సాహెబ్ మళ్లీ గద్దె ఎక్కాడు. అమెరికాతో దోస్తీ ముఖ్యమని .280ని పక్కన పెట్టేశాడు. 1954లో 7.62 నాటో తూటా అయింది.

'కూటమి అన్నాక అందరికీ ఒకే తూటా ఉంటే రసద్ సులువు కదా' అంటారు. మంజూర్. ఒకటే ఉండాలి. కానీ ఆ ఒకటి ఏదన్నది ఇంతెహాన్ తేల్చాలా, తాకత్ తేల్చాలా?

నతీజా చూడండి. 7.62తో అమెరికా 1957లో ఎం14 తెచ్చుకుంది. ఆటోమేటిక్‌లో పెడితే అది చేతిలో నిలిచేది కాదు. చాలా రైఫిళ్లకు ఆ మీట లాక్ చేసి ఇచ్చారు. పదేళ్లు తిరక్కుండానే వియత్నాంలో దాన్ని వదిలేసి చిన్న 5.56 పట్టుకున్నారు. అదీ హడావిడిగా. తొలి ఎం16లు కాలుస్తూ కాలుస్తూ జామ్ అయిపోయేవి, సిపాయిలు ఆ తుపాకీ పక్కనే చచ్చిపోయారు. 1967లో వాళ్ల కాంగ్రెస్ ఉపసంఘమే సైన్యాన్ని తప్పు పట్టింది. 1980 నాటికి నాటో కూడా 5.56ను ఒప్పుకుంది. పెద్ద తూటానే తూటా అన్న గురూర్ ఏమైనట్టు?

మనకేంటి అనకండి. ఏ కూటమిలోనూ లేమని చెప్పుకున్న మన ముల్కే ఇషాపూర్‌లో తయారైన 1ఎ1 రైఫిల్‌లో అదే 7.62 నింపింది. బలవంతుడి ఆదత్ అలా సరిహద్దులు దాటుతుంది.

.280 కోసం నేను మాతం చేయడం లేదు. అదీ మనిషిని చంపడానికే పుట్టింది. నా అఫ్సోస్ వేరే. జిద్ పట్టిన దొరలు కుర్చీల్లోనే ఉన్నారు. ఖీమత్ కట్టింది సిపాయిలు.

రేపు ఎవరైనా 'అందరికీ ఒకటే' అంటూ మీ ముందు కాగితం పెడితే, దస్తఖత్ చేసే ముందు అడగండి: ఆ ఒకటి ఎవరిది? ఏ ఇంతెహాన్‌లో నెగ్గింది? జవాబ్ వచ్చేదాకా కలం మూత తీయకండి.